మోకాటి లోతు సముద్రం

మొన్న మా పక్క గదిలో ఉండే కుర్రవాళ్లు వచ్చి, వచ్చే వారం చేపలు పట్టడానికి పోతున్నాం, రాత్రికి అక్కడే గుడారం వేసుకుంటాం, నువ్వూ రా పెద్దనాయినా అని అడిగారు. నేను బహ్రెయిన్‌లో, అద్లియా అనే పేటలో ఒక హోటలుకు సామాన్ల గది చూసుకుంటాను, వాళ్లు అదే హోటల్లో బల్లల దగ్గర పనిచేస్తారు. నలుగురూ నా మంచం అంచు మీద వరసగా కూర్చుని, ఫోన్లు చూసుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ, నేను పెట్టిన చాయ్ చల్లారేలోగా ప్రయాణమంతా తేల్చేశారు. కారు ఎవరిది, పొయ్యి ఎవరు తెస్తారు, గేలాలు ఎక్కడ దొరుకుతాయి, కోడికి ముందే మసాలా పట్టించి పెట్టాలా వద్దా, అన్నీ అయిపోయాయి. ఒక్కడూ గొంతు పెంచలేదు. ఒక్కడూ ఇంకొకడి చొక్కా పట్టుకోలేదు. నాకెందుకో ఒళ్లు మండిపోయింది. రాను పొండిరా అని కసిరాను. "ముసలాయనకు ఇయ్యాల ఏమైందిరా" అనుకుంటూ వాళ్లు గాజు గ్లాసులు కడిగిపెట్టి మరీ వెళ్లిపోయారు. పాపం, వాళ్ల తప్పేముంది. చేపలకు పోదామన్న మాట వింటే అందరికీ కూర వాసన గుర్తుకొస్తుందేమో, నాకు మాత్రం నెత్తురు వాసన గుర్తుకొస్తుంది.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో మా క్యాంపు నువైద్రాత్ దాటాక ఉండేది. ఊళ్లో వాళ్ల లెక్కలో నేను దుబాయి పోయినట్టే. బహ్రెయిన్ అని చెబితే, అది ఏ దుబాయి అని అడిగేవారు. క్యాంపు అంటే రేకుల గదులు రెండు వరసలు, మధ్యలో పొడుగ్గా ఒక వంటసాల. గాలి అటు తిరిగితే నూనె శుద్ధిచేసే కర్మాగారం వాసన, ఇటు తిరిగితే ఎండిన సముద్రపు నాచు వాసన. ఇవి రెండూ లేనప్పుడు మా సాక్సుల వాసన. మాకు పొద్దున లేపడమంటే మంచం కోడును బూటుతో తన్నడమే. స్నానాల గది దగ్గర తోపులాట, బస్సు ఎక్కేటప్పుడు మోచేతుల పోట్లు, సైటు మీద ఫోర్‌మన్ విసిరే సలాక ముక్కలు. మేము కాంక్రీటుకు లోపల వేసే ఇనుప సలాకలను తీగతో బిగించి కట్టే పనివాళ్లం. ఎండకు సలాక పట్టుకుంటే చేతి తోలు దానికే అంటుకుని వచ్చేది. రోజంతా అలా మెలితిప్పి, బిగించి, కొట్టి వచ్చినవాళ్లం గదిలోకి వచ్చాక మెత్తగా మాట్లాడుకోవడం ఎలా సాధ్యం? ఉప్పు అందుకో అన్నా అరిచే అనేవాళ్లం. నాకైతే కోపం అప్పుడూ ఇప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ క్యాంపులో అదేమీ వింత కాదు.

మా గదికి పెద్ద రాజలింగు మామ. మాకేమీ చుట్టం కాదు, అందరికంటే వయసులో పెద్దవాడు కాబట్టి అందరికీ మామే. జగిత్యాల వైపు చేపలు పట్టే ఇంటివాడు. పొట్టిగా, గట్టిగా, మెడ లేనట్టు ఉండేవాడు. శుక్రవారం పొద్దున గదిలో ఎవరూ నిద్రపోవడానికి వీల్లేదు. ఆయనే లేచి, నేల కడిగించి, పక్కలు ఎండలో వేయించి, సెంట్రల్ మార్కెట్టు నుంచి తెచ్చిన చేపలను వాకిట్లో గోనెసంచీ మీద పరిచేవాడు. సైటులో విరిగిపోయిన రంపం బ్లేడును రాతికి నూరి ఆయనే చేసుకున్న కత్తి ఒకటుండేది. దాంతో పొలుసు తీస్తుంటే అది మా మొహాల మీదికి ఎగిరేది. తల ఒక్క దెబ్బకు ఊడేది. ధనియాలు, మెంతులు, ఎండుకొబ్బరి వేయించి, ఇనుప గొట్టం ముక్కతో దంచేవాడు. ఉప్పు తక్కువైందని ఎవడన్నా అంటే గంటెతో వాడి నెత్తి మీద ఒకటి పడేది. ఎవరూ ఏమీ అనుకునేవాళ్లం కాదు, ఎందుకంటే ఆ కూరలాంటి కూర మళ్లీ నేను తినలేదు. ఇప్పుడు మా హోటల్లో చేపను తెల్లగా, నిమ్మబద్దతో, పువ్వులా పెట్టి ఇస్తారు. తినేవాళ్లు ఫొటో తీసుకుంటారు. అంతకంటే దానికి ఉపయోగం కూడా లేదు.

అదే గదిలో, సరిగ్గా ఆయన మంచానికి పై మంచం మీద, పోశెట్టి ఉండేవాడు. ఇద్దరూ ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, పాలోళ్లు. వాళ్ల తాతలు సొంత అన్నదమ్ములు. ఏజెంటు ఎవరిని ఏ గదిలో పడేయాలో చూసుకోడు కదా, ఇద్దరినీ తెచ్చి ఒకే మంచానికి కిందా మీదా పడేశాడు. వాళ్ల ఊళ్లో ఎండాకాలం చెరువు నీళ్లు తగ్గాక చేపలు పట్టే రోజు ఒక ఆచారం ఉండేదట. గంగమ్మకు కోడిని కోసి, కొత్త వలకు పసుపు రాసి, పెద్దింటివాడు తొలి వల వేయాలి. ఆ వల నీళ్ల మీద పడేదాకా ఊరు ఊరంతా గట్టు మీద నిలబడాల్సిందే, కాలి వేలు కూడా తడపకూడదు. పెద్దిల్లు రాజలింగు వాళ్లది. ఒక ఏడు రాజలింగు తండ్రి జ్వరంతో లేవలేకపోయాడు. మిట్టమధ్యాహ్నం దాకా చూసి చూసి, పోశెట్టి తండ్రి వల వేసేశాడు. గట్టు మీద జనం వేసిన కేక విని రాజలింగు తండ్రి జ్వరం మంచం మీద నుంచే లేచి వచ్చి, పడవ తెడ్డుతో పోశెట్టి తండ్రి దవడ విరగ్గొట్టాడు. తర్వాత రెండిళ్ల మధ్య మాటల్లేవు. మా గదిలోకి వచ్చాక కూడా మొదట్లో వీళ్లిద్దరూ నా ద్వారానే మాట్లాడుకునేవారు. "శంకరూ, ఆ పై మంచపోన్ని కాళ్లు కడుక్కొని ఎక్కమను" అని ఆయన, "శంకరూ, కింద మంచపాయన్ని గురక తగ్గించుకోమను" అని ఈయన. నేను మధ్యలో పోస్టుమాన్‌ను.

వాళ్లను కలిపింది వల. రాజలింగు మామకు ఎవరో నైలాను దారం ఉండలు ఇచ్చారు. డ్యూటీ నుంచి రాగానే మంచం కోడుకు ఒక కొస కట్టి విసురు వల అల్లడం మొదలుపెట్టాడు. పోశెట్టి పైనుంచి చూస్తూ ఉండేవాడు. ఒకరోజు దిగివచ్చి, రెండో వైపు కూర్చుని తనూ అల్లడం మొదలుపెట్టాడు. మామ ఒకసారి తలెత్తి చూసి మళ్లీ వంచుకున్నాడు. అలా ఆ ఇద్దరూ మాట లేకుండా, ఒకే లెక్కలో కన్ను తర్వాత కన్ను వేసుకుంటూ పోతుంటే మాకు చూడటానికి ఎంతో బాగుండేది. వల అంచుకు బరువు కోసం సైటు చెత్తలో దొరికిన ఇనుప నట్లు కట్టాం. వల పెద్దదవుతున్నకొద్దీ మా ఆశలూ పెరిగాయి. మల్లేశం అని మా గదిలో ఒకడుండేవాడు, ఎప్పుడూ నోట్లో నవ్వు పెట్టుకుని తిరిగే మనిషి. ఈద్ సెలవుల్లో సముద్రం ఒడ్డుకు పోదాం, పగలు చేపలు పడదాం, రాత్రికి అక్కడే తార్పాలిన్ కింద పడుకుందాం అని వాడు అందుకున్నాడు. అరబ్బులు చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకుని పండగ చేసుకుంటారు కదా, మనం మాత్రం మనుషులం కాదా అన్నాడు. అంతే, గది గదంతా లేచింది.

ఆ ఏర్పాట్లు కూడా మా పద్ధతిలోనే, కొట్టుకుంటూనే జరిగాయి. బుసైతీన్ వైపు పోదామని ఒకడంటే సిత్ర దగ్గరే మేలని ఇంకొకడు మొత్తుకున్నాడు. చివరికి మామ బుసైతీన్ అన్నాడు కాబట్టి బుసైతీన్ ఖాయమైంది. పికప్పు నడిపే కరీం భాయ్‌ని అడిగితే బిర్యానీ ఉంటే వస్తానన్నాడు. బియ్యం ఎవరు మోయాలి, నీళ్ల డబ్బాలు ఎవరి భుజాన, గుడారానికి సలాకలు సైటు నుంచి ఎవరు దాచి తేవాలి, ఒక్కోదానికి ఒక్కో యుద్ధం. ఉల్లిగడ్డల దగ్గర మల్లేశానికి నిజంగానే పెదవి చిట్లింది. అయినా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వుతోనే, ఒక శుక్రవారం పొద్దున, మామ వాకిట్లో చేపలు కోస్తుండగా, అడగకూడని మాట అడిగాడు.

"అది సరే గని మామా, తొలి వల ఎవరేస్తరు?"

మామ కత్తి ఆపలేదు. "ఎవరేస్తరంటె ఏంది? నేనేస్త."

గుమ్మంలో కూర్చుని వలకు చివరి నట్లు కడుతున్న పోశెట్టి తల ఎత్తకుండానే అన్నాడు. "అన్నా, ఇది మన చెరువు గాదు. సముద్రం. దీనికి పెద్దిల్లు, చిన్నిల్లు లేవు."

"నీళ్లు యాడున్నా నీళ్లే. గంగమ్మ యాడున్నా గంగమ్మే. పెద్దిల్లు యాడున్నా పెద్దిల్లే."

"మా నాయిన దవడ ఇరగ్గొట్టిన పెద్దిల్లేనా?"

మామ అప్పుడు లేచాడు. "ఇరగ్గొట్టి ఇడిసిపెట్టిండు. మా నాయిన జేసిన తప్పు అదొక్కటే."

పోశెట్టి గోనెసంచీ మీది కత్తి లాక్కున్నాడు. అందరం మామ పని అయిపోయిందనుకున్నాం. కాని వాడు మామ మీదికి పోలేదు, వల మీదికి పోయాడు. "ఇందుల సగం నేనల్లిన. నా సగం నాకు గావాలె" అంటూ మధ్యలో నుంచి పరపరా కోసేశాడు. వల కోస్తుంటే మామ నోట్లోంచి వచ్చిన అరుపు మనిషిది కాదు. ఆయన దూకి, ఆడుతున్న కత్తిని కుడిచేత్తో, వట్టి చేత్తో, అలుగు వైపే పట్టుకున్నాడు. పోశెట్టి లాగాడు. నేను పోశెట్టి నడుం పట్టుకుని వెనక్కి గుంజాను, వాడు నన్ను మోచేత్తో ముక్కు మీద గుద్దాడు. మామ కత్తి వదలలేదు. వాడూ వదలలేదు. కడిగి పెట్టిన బియ్యం గిన్నెలో నెత్తురు పడి నీళ్లు ఎర్రబడుతుంటే మల్లేశం నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆఖరికి కత్తి మామ అరచేతిలోంచి జారి వచ్చేసింది. లోపల తెల్లగా నరాలు కనిపించాయి. కోడి కాళ్లలో ఉండే నరాల్లాగే ఉన్నాయి.

కరీం భాయ్ పికప్పులో నేనే తీసుకుపోయాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ చేయి చూసి, ఎవరు చేశారని ఒకటికి రెండుసార్లు అడిగింది. గొడవ అని చెబితే పోలీసులు వస్తారు, ఇద్దరినీ లోపల వేస్తారు, అక్కడి నుంచి ఇంటికి పంపేస్తారు. మామ తనకొచ్చిన హిందీలో, "మై కియా. మచ్లీ కాటా, హాత్ కాటా" అని, చేపలు కోస్తూ తనే కోసుకున్నానని ఒకటే మాట మీద నిలబడ్డాడు. కుట్లు వేసి కట్టు కట్టారు. ఎంత పెద్ద మనసు, తన చెయ్యి కోసినవాణ్ని కాపాడుతున్నాడు అని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగి వస్తుంటే పికప్పులో ఆ మాటే అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"వాన్ని పోలీసులకిస్తె నాకేమొస్తది? ఇంటికి వంపుతరు. ఊళ్లె హాయిగ తిరుగుతడు. చెయ్యి మాననీ, చేపలకు పోదం. వాన్ని లోతుకు తీస్కపోత. నీళ్లల్ల మునిగి సచ్చినోని మీద కేసుండది."

"మామా, తలకాయ తిరుగుతుందా నీకు? ఏం మాట్లాడుతున్నవో తెలుస్తుందా?"

"నీకు జెప్పిన గని, ఇంకొకనికి జెప్పకు" అని కళ్లు మూసుకున్నాడు. నేను దారి పొడవునా తిట్టాను. ఆయనకు నిద్ర పట్టేసింది.

కట్టు విప్పాక చూస్తే గాయం మానింది గాని వేళ్లు మూసుకోలేదు. అరచెయ్యి ఎప్పుడూ ఏదో అడుగుతున్నట్టు తెరుచుకునే ఉండేది. సలాకలు కట్టే పని పోయింది, సైటు గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఎడమచేత్తో అన్నం తినడానికి ఆయన ఒప్పుకోలేదు. చెంచా ఇస్తే విసిరికొట్టాడు. ఎవరన్నా తినిపించబోతే తన్నాడు. ఖుబ్బూస్ రొట్టె తుంచి చాయ్‌లో వేసుకుని, అది తాగే బతికాడు. మనిషి చిక్కి సగమైపోయాడు, కోపం మాత్రం పిసరంత తగ్గలేదు. ఆ మనిషి నోటి నుంచే, చేపలకు ఎప్పుడు పోదాం అన్న మాట మళ్లీ వచ్చింది. గదిలో వాళ్లకు అసలు సంగతి తెలియదు, అన్నదమ్ములు సర్దుకున్నారని మురిసిపోయారు. పోశెట్టి కూడా తెగిన వలను ముందేసుకుని రోజూ కూర్చుని మళ్లీ కలిపి అల్లాడు. మామ ఎడమచేత్తోనే ధనియాలు వేయించాడు, ఇనుప గొట్టంతో దంచాడు, నిమ్మకాయలు మరిచిపోకండిరా అని రెండు పూటలా గుర్తుచేశాడు. మనిషిని చంపడానికి పోతున్నవాడు కూర మసాలాకు అంత శ్రద్ధ ఎందుకు పెట్టాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను పోశెట్టిని నీళ్ల ట్యాంకు వెనక్కి లాక్కుపోయి ఉన్నమాట చెప్పేశాను. "ఆయన నిన్ను సంపుతనంటుండు."

"ఎర్కే. నాతోటి గూడ అన్నడు."

"మరింకేంది? రాకు. కడుపునొస్తుందని పండుకో."

"రాకుంటె భయపడ్డడంటడు. మా నాయిన దవడ ఇరిగినంక సచ్చేదాంక చెరువు దిక్కు పోలె శంకరూ. ఎండాకాలం వస్తే ఇంట్ల తలుపేసుకొని పండుకునేటోడు. నేను పోత."

ఇద్దరినీ చెంపలు వాయించాలనిపించింది. కరీం భాయ్ దగ్గరికి పోయి బండి అక్కర్లేదని చెప్పి వచ్చాను. మల్లేశం పోయి మళ్లీ మాట్లాడి వచ్చాడు. వల తీసుకుపోయి సిమెంటు సంచుల కింద దాచాను. పోశెట్టే వెతికి తెచ్చుకున్నాడు. క్యాంపు బాసుకు చెబితే పోలీసుల దాకా పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. బయల్దేరడానికి మిగిలిన నాలుగు రోజులూ నాకు అన్నం సహించలేదు. చివరికి నేను చేయగలిగిందల్లా ఒకటే, వాళ్లిద్దరినీ విడిచిపెట్టకుండా వెంటే ఉండటం.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. బుసైతీన్‌లో మేము దిగిన ఒడ్డు ఇప్పుడు లేదు. ఆ సముద్రాన్ని పూడ్చేశారు, దాని మీద వరసగా తెల్లటి ఇళ్లు, పామ్ చెట్లు, పిల్లల సైకిళ్లు. కిందటేడు ఒక పని మీద అటు పోయినప్పుడు, మేము నడిచిన నీళ్లు ఏ ఇంటి కింద ఉన్నాయో గుర్తుపట్టాలని వీధి వీధీ తిరిగాను. తెలియలేదు. మా పక్క గది పిల్లలు ఇంకా దూరం పోవాలి సముద్రం కావాలంటే. వాళ్ల ఫోన్లో నీళ్లు ఏ వేళకు వెనక్కి పోతాయో, ఏ వేళకు వస్తాయో కూడా ఉంటుందట. మాకు ఆ సంగతే తెలియదు. మేము చెరువు మనుషులం. చెరువు అంటే గట్టు దిగితే లోతు, ఎప్పుడు చూసినా నీళ్లు ఉన్నచోటనే ఉంటాయి. సముద్రం పూటపూటకు లేచి పోయి వస్తుందని మా గదిలో ఒక్కడికీ, ఆ ఇద్దరు చేపల మొనగాళ్లకు కూడా, తట్టలేదు.

మేము గుడారం వేస్తుంటే ఒక ముసలి అరబ్బాయన తన వలలు మడిచి కారులో పెట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి చేతులు ఊపుతూ ఏదో గట్టిగా అన్నాడు. పలకరిస్తున్నాడనుకుని మేమూ చేతులు ఊపాం. మల్లేశం పొయ్యి వెలిగించాడు. మామ వలకు పసుపు రాసి, దాని తాడు ఎడమచేతి మణికట్టుకు మల్లేశంతో ముడి వేయించుకుని, "దారా పోశీ. లోతుకు పోయి ఏద్దం" అన్నాడు. పోశీ అని ఆయన పిలవడం నేను వినడం అదే మొదటిసారి. పోశెట్టి చొక్కా విప్పి పక్కన పెట్టి వెంట నడిచాడు. నేను గుడారానికి తెచ్చిన సలాక ఒకటి చేతపట్టుకుని వాళ్ల వెనక దిగాను.

నడిచాం. నీళ్లు చీలమండ దాకా వచ్చాయి, పిక్క దాకా వచ్చాయి, మోకాలి దాకా వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి. ఎంత నడిచినా మోకాలే. కింద ఇసుక, నాచు, మధ్యమధ్య పాదాలు కోసే రాళ్లు. వెనక్కి చూస్తే మా గుడారం అగ్గిపెట్టెంత అయింది. మామ ముందు, పోశెట్టి మధ్యన, నేను చివర. "ఇంకా లోపలికా అన్నా?" అని పోశెట్టి అడుగుతాడు, "ఇంకా" అని మామ అంటాడు. ఇద్దరికీ ఎందుకో తెలుసు. ఎదురుగా నీలంగా లోతు కనిపిస్తూనే ఉంది, మేము పోయినకొద్దీ అదీ వెనక్కి పోతూనే ఉంది. ఒకచోట మామ ఆగి సముద్రాన్నే తిట్టడం మొదలుపెట్టాడు. "థూ, ఇదేం సముద్రంరా. మనిషి నడుముకు గూడ రాదు" అని నీళ్ల మీద ఉమ్మాడు. నాకు భయంలోనూ నవ్వాగలేదు. మనిషిని ముంచుదామని తెస్తే ముంచడానికి నీళ్లే లేవు. ఆ నవ్వే కొంప ముంచింది. మామ గిర్రున తిరిగి పోశెట్టి మీద పడ్డాడు.

మోకాటి లోతు కూడా మనిషి చావడానికి చాలని అప్పుడు తెలిసింది. పోశెట్టి బోర్లా పడ్డాడు, మామ వాడి వీపు మీద మోకాళ్లు పెట్టి కూర్చుని, మెడ పట్టుకుని నీళ్లలోకి నొక్కాడు. ఎడమచేతికి తడిసిన వల, ఇనుప నట్లు, ఆ బరువుకు అది లేవడం లేదు. పుట్టినప్పటి నుంచి ఏది పట్టినా కుడిచేత్తోనే పట్టినవాడు కదా, కుడిచేత్తోనే పట్టుకున్నాడు. నేను సలాకతో ఆయన వీపు మీద బలంకొద్దీ కొట్టాను. చొక్కా చిరిగింది, తోలు లేచింది, ఆయన తిరిగి చూడలేదు. పోశెట్టి కాళ్లు కొట్టుకుంటున్నాయి. చచ్చాడనుకున్నాను. కాని వాడి తల పక్కకు జారి పైకొచ్చింది. మామ మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. మెడ మీద చెయ్యి ఉంది గాని వేళ్లు మూసుకోవడం లేదు. పోశెట్టి కోసిన ఆ చేతికి పోశెట్టి మెడ పట్టు దొరకలేదు. వాడు దగ్గుతూ తిరగబడి, తలతో మామ మూతి మీద పొడిచాడు. ఇద్దరికీ నెత్తురే. మామ లేచి, తన అరచెయ్యి వైపు చూసుకుని, "మూస్కో, మూస్కోవేందే" అని దాన్నే తిడుతూ పక్కనున్న రాతికేసి కొట్టసాగాడు. మనిషిని పట్టుకోవడం కంటే ఆ చేతిని పట్టుకోవడమే నాకు కష్టమైంది.

ఆ గోలలో నీళ్లు నడుం దాకా వచ్చాయని మొదట పోశెట్టి గమనించాడు. పక్కల నుంచి చల్లగా, చప్పుడు లేకుండా లేచి వస్తున్నాయి. ఇప్పుడు కావలసినంత లోతు. ముగ్గురం ఒడ్డు వైపు పరుగులాంటి నడక పెట్టాం. వల బరువు మామను పక్కకు లాగేస్తోంది. ఒక గుంటలో కాలు జారి మునిగాడు, లేచాడు, మళ్లీ మునిగాడు. ముడి విప్పుకుందామంటే ఆ కుడిచేతి వేళ్లు వంగవు. నాకు ఆయన దగ్గరికి చేరే దారి లేదు, నీళ్లు తోసేస్తున్నాయి. పోశెట్టి దగ్గర్లోనే ఉన్నాడు. నిలబడి చూశాడు. ఊరికే నిలబడితే చాలు, ఎవరూ అడిగేది లేదు, కేసు కూడా ఉండదు. అంతసేపు నిలబడినవాడు ఒక్కసారి మునిగి, పళ్లతో మణికట్టు ముడి విప్పి, వలను సముద్రానికి వదిలేసి, మామ చొక్కా మెడ పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచాడు. నడుస్తూ ఆయన తాత దగ్గర నుంచి మొదలుపెట్టి వంశమంతటినీ తిట్టాడు. వాళ్ల వంశం ఒకటే కాబట్టి ఆ తిట్లు సగం వాడికే తగిలాయి. అంత కష్టపడి అల్లిన వల ఒక్కసారి కూడా విసరకుండానే పోయింది.

ఒడ్డున ఆ ముసలాయన ఇంకా ఉన్నాడు. మా కోసమే ఆగాడట. మమ్మల్ని చూసి నీళ్ల వైపు, ఆకాశం వైపు చూపిస్తూ పెద్ద కేకలు వేశాడు. ఈసారి అది పలకరింపు కాదని అర్థమైంది. తిట్టడం అయ్యాక కారులో నుంచి తన చేపలు కొన్ని తీసి మల్లేశం గిన్నెలో పడేసి, ఖలాస్ అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. వాళ్లిద్దరి మొహాలూ చూసి మల్లేశం నవ్వు మరిచిపోయాడు. ఏమైందని అడిగాడు. రాళ్ల మీద పడ్డాం అన్నాం. పొద్దు వాలుతుంటే మామ దంచిన మసాలాతోనే కూర ఉడికింది. ఆ తర్వాత కూడా ఆ ఇద్దరూ స్నేహితులు కాలేదు, ఆ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. మామ ఆ ఏడే ఇంటికి పోయాడు, మళ్లీ రాలేదు. పోశెట్టి తర్వాత చాలాకాలం ఇక్కడే ఉండి ఊరికి పోయాడు. ఊళ్లో ఇద్దరిదీ ఎవరి వాకిలి వారిదే. మా పక్క గది పిల్లలు ఒకరి మీద ఒకరు చెయ్యి చేసుకోరు, ఒకరు లేకపోతే ఇంకొకరికి అన్నం సహించకపోవడమూ లేదు. అది మంచిదే. నాకే ఎందుకో చలేసినట్టు ఉంటుంది.

ఆ రాత్రి తార్పాలిన్ కింద అందరం పళ్లాలు ముందేసుకున్నాం. మామ పళ్లెం ముట్టలేదు, ఆ తెరిచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అన్నం వైపే చూస్తున్నాడు. ఎవరికీ దగ్గరికి పోయే ధైర్యం లేదు. పోశెట్టి తన పళ్లెం పక్కకు నెట్టి వచ్చి, ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మెడ మీద గోళ్ల గీతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ముల్లు తీసి, అన్నంలో కూర కలిపి, ముద్ద చేసి ఆయన నోటి దగ్గర పెట్టాడు.

"తిను. తినకుంటె నన్ను సంపెటందుకు బలమెట్లొస్తది?"

 మామ నోరు తెరిచి, ముద్దతో పాటు ఆ వేళ్లను కూడా కరిచి పట్టాడు. పులుసుతో కలిసి నెత్తురు గడ్డం మీదికి కారింది. పోశెట్టి చెయ్యి లాక్కోలేదు. ఆయన వదిలేదాకా అలాగే కూర్చుని, వేళ్లు లుంగీకి తుడుచుకుని, అదే చేత్తో ఇంకో ముద్ద కలిపాడు.